దుప్పికొమ్ము పిడి చాకు

ఓడ మీంచి విసిరిన సన్నతాడు గట్టు మీద పడగానే సన్యాసిరాజు దాన్ని ఒడుపుగా పట్టుకుని, భుజాన వేసుకుని వెనక్కి నడవసాగాడు. దాని వెంట తొడంత లావు తాడు నీళ్లోడుతూ పైకి వచ్చింది. గ్యాంగులో మిగతావాళ్లు తలో చెయ్యీ వేసి తాడు తలను ఇనపమొద్దుకు తగిలించారు. ఓడ ఒకసారి కిర్రుమని మూలిగి గట్టుకు ఒదిగింది.

విశాఖపట్నం పోర్టులో అతని ఉద్యోగం అంతే. వచ్చే ఓడను కట్టాలి, పోయే ఓడను విప్పాలి. ఓడలో గోధుమలున్నాయా, గంధకం ఉందా, అది జపాను పోతుందా, రుమేనియా పోతుందా అన్నది అతనికి పట్టదు. మనిషి పొట్టి. తాళ్లు లాగీ లాగీ కుడిభుజం కాస్త కిందికి జారింది. అరచేతులు ఎండిన చెప్పుతోలులా ఉంటాయి. ఖాకీ నిక్కరు కుడిజేబు మాత్రం ఎప్పుడూ చిరిగే ఉంటుంది. భార్య కాశమ్మ ఎన్నిసార్లు కుట్టినా చాకు బరువుకు మళ్లీ పిగిలిపోతుంది.

చాకులంటే అతనికి పిచ్చి. ఓడ దిగే నావికుల మొహాలు చూడడు, నడుముల వంక చూస్తాడు. మడతచాకు కనిపించిందా, ఇక వాడి వెంటపడి, వచ్చీరాని ఇంగ్లీషులో బేరమాడి, కొబ్బరిబోండాలో, అరటిపళ్లో, పచ్చిమిరపకాయల మూటో ఇచ్చి దాన్ని సంపాదిస్తాడు. మల్కాపురంలో అతని ఇంట్లో మంచం కింద బిస్కెట్ల డబ్బా నిండా చాకులే. ఇంట్లో ఉల్లిపాయ తరగడానికి ఒక్కటి ఇమ్మంటే మాత్రం ప్రాణం పోయినట్టు చూస్తాడు.

ఇవాళ నావికుల వంక కన్నెత్తి చూడలేదు. తాడు బిగియగానే గోడౌను నీడలోకి పోయి, సంచీలోంచి పచ్చిమామిడికాయ తీసి కోయడం మొదలుపెట్టాడు. ముక్కలు కాగితం మీద పడుతున్నాయి. గ్యాంగువాళ్లు ఉప్పూకారం అద్దుకుని తింటున్నారు. కాయ అయిపోగానే చాకును తుడవకుండా ఎండలో పెట్టి, వంగి దాని మొహంలోకి చూసి, నిట్టూర్చి, మరో కాయ తీస్తున్నాడు.

"ఏటి బావా, పొద్దుట్నుంచి కోస్తానే ఉన్నావ్. ఆవకాయేటి పెడతన్నావా?" అన్నాడు జగ్గారావు, పళ్లు పులిసి మొహం చిట్లించుకుంటూ.

"తిను. తినీసి నోర్మూసుకో."

"ఏదీ, ఓపాలి ఆ సాకిలాగియ్యి, సూస్తాను."

సన్యాసిరాజు దాన్ని అతని చేతికివ్వలేదు. పక్కనున్న రాతి మీద పెట్టాడు. జగ్గారావు అక్కణ్ణించి తీసుకున్నాడు. చాకు చేతిలోంచి చేతికిస్తే తగువొస్తుందని అందరికీ తెలిసిందే. అది ఎవరూ ఎవరికీ నేర్పరు.

"ఇది నీది కాదు గదా! ఫ్రాన్సిస్ గోరిది కాదేటి? అది నల్లగుండాలి కదా?"

అదే సన్యాసిరాజు గుండెల్లో గునపంలా దిగిన మాట.

ఫ్రాన్సిస్ వన్ టౌన్‌లో ఓడలకు సరుకులు వేసే దుకాణంలో గుమాస్తాగా పనిచేశాడు. అతనిదీ ఇదే పిచ్చి. ఇద్దరికీ స్నేహం కలిసింది చాకుల మీదే, తగువూ చాకుల మీదే. పాతకాలం చాకుకు సాటి లేదంటాడు ఫ్రాన్సిస్. పాతదాని పిడి దుప్పికొమ్ము. మేకులు చేత్తో కొట్టినవి. మూస్తే టక్కుమని, బీరువా తలుపు పడ్డట్టు పడుతుంది. సానరాయి మీద నాలుగుసార్లు తిప్పితే వెంట్రుకను చీలుస్తుంది. సన్యాసిరాజు కొత్తవాటి పక్షం. సముద్రం పక్కన ఉప్పుగాలిలో పాత చాకును ఒక్కపూట నూనె రాయకుండా వదిలితే తుప్పు. కొత్త స్టీలు చాకును నీళ్లలో ముంచి తీసినా నవ్వుతూనే ఉంటుంది.

"నవ్వుతాది, నవ్వుతాది. పదునుపెట్టి సూడు, అప్పుడేడిపిస్తాది," అనేవాడు ఫ్రాన్సిస్.

"మనూల్లో ఉక్కు ఫేక్టరీ లెగిసిపోతంది బావా. రేపు ఆ ఉక్కుతో సాకులు సేస్తే నీ పాతవన్నీ తూకానికే."

"ఆ ఉక్కుతో పట్టాలు సేస్తారు, కడ్డీలు సేస్తారు. నీకోసం సాకులు సేస్తారేటి?"

రోజూ ఇదే వరస. చాకుల గురించి ఇంతగా తగువులాడుకునే ఈ ఇద్దరూ, తగువు రాకూడదని చాకును చేతికి మాత్రం ఇచ్చుకునేవారు కాదు. ఫ్రాన్సిస్ ఇంటి వరండాలో ఇద్దరి మధ్యా ఉన్న పిట్టగోడ మీద మడత రుమాలు పరిచి, దాని మీద పెట్టేవారు. పిడి అవతలివాడి వైపు ఉండాలి. అది మర్యాద.

పోయిన నెలలో ఒక నావికుడి దగ్గర సన్యాసిరాజుకు కొత్త చాకు దొరికింది. ఫ్రాన్సిస్ తండ్రి యేసుదానం రైల్లో బొగ్గు వేసే రోజుల్లో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇచ్చిన చాకూ ఇదీ ఒకే కంపెనీవి, ఒకే రకానివి. కాకపోతే దీని పిడి కొమ్ములా పోతపోసిన ప్లాస్టిక్కు. రెండూ పక్కపక్కన పెట్టి వారంపాటు వాడి తీర్పు చెప్పమని ఫ్రాన్సిస్ తన తండ్రి చాకును మొట్టమొదటిసారి గడప దాటించాడు. అప్పటికే అతనికి ఊపిరి అందడం లేదు.

ఆ వారంలోనే కాశమ్మ ఇల్లు శుభ్రం చేసింది. నల్లగా మకిలి పట్టిన చాకు చూసి, పాపం మొగుడికి తీరిక లేదనుకుని, చింతపండూ బూడిదా వేసి గుమ్మం ముందు కూచుని తోమింది. అరవై ఏళ్ల నలుపు పోయింది. చాకు పెళ్లికొడుకులా మెరిసింది. పాత చాకుకు ఆ నలుపే విలువ. చాకులు పోగుచేసేవాడికి ఇంతకు మించిన ఘోరం లేదు.

"మురికి వదలగొడితే తప్పేటి? ఇత్తడి సెంబులు తోమనేటి నాను?" అంది కాశమ్మ. ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ, ఆమె వేళ్లు బూడిదకు పగిలి ఉండడం చూసి ఊరుకున్నాడు.

వారం తిరక్కముందే ఫ్రాన్సిస్ ఆస్పత్రిలో చేరాడు, చాకు సన్యాసిరాజు దగ్గరే ఉండిపోయింది. నిన్న ఫ్రాన్సిస్‌ను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారు. ఇక చేసేదేం లేదన్నారు. చాకు పట్టుకుని రమ్మని అతని భార్య జయమణి కబురు పెట్టింది. అందుకే ఈ మామిడికాయలు. పాత ఇనుముకు పులుపు అంటి తుడవకుండా ఎండితే నల్లబడుతుంది. అరవై ఏళ్ల నలుపును ఒక్క పూటలో తిరిగి తెప్పించాలి. ఫ్రాన్సిస్ చివరిసారి చూసేది మెరిసే చాకు కాకూడదు. అంతకు మించి అతనికి ఇవాళ వేరే కోరిక లేదు.

సాయంత్రానికి కాయలు అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. చాకు మీద అక్కడక్కడ నీలం, అక్కడక్కడ నలుపు. కొసన మాత్రం మెరుపు చావలేదు. దాన్ని రుమాల్లో చుట్టి, సైకిలెక్కి, పాత పోస్టాఫీసు దగ్గరి సందులోకి తిప్పాడు.

ఫ్రాన్సిస్ వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. చొక్కా లోపల మనిషి సగమయ్యాడు. కళ్లు మాత్రం అవే. సన్యాసిరాజు తనెప్పుడూ కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చుని, పిట్టగోడ మీద రుమాలు పరిచి చాకు పెట్టాడు.

ఫ్రాన్సిస్ తీసుకున్నాడు. తెరిచాడు, మూశాడు. టక్కుమంది. మళ్లీ తెరిచాడు. కళ్ల దగ్గరగా పెట్టుకున్నాడు. తరవాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మామిడికాయ," అన్నాడు ఫ్రాన్సిస్. "కాశమ్మ తోమీసిందేటి?"

సన్యాసిరాజు తల వంచుకున్నాడు. "సింతపండేసి తోమీసింది బావా. నాను సూళ్లేదు."

ఫ్రాన్సిస్ నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా జయమణి వీపు రాసింది.

"మాయమ్మ కూడా ఓపాలి ఇలగే తోమీసింది. మా నాన్న రెండ్రోజులు అన్నం ముట్టలేదు. తరవాత ఆ ఎండాకాలమంతా ఇంట్లో మామిడికాయలే. నాను గొప్పలు సెప్పీవాణ్ణే, ఆ నలుపు... అదీ మామిడికాయే బావా."

సన్యాసిరాజు గుండె మీంచి బండ దిగింది. ఆ తేలికలో నోరు జారాడు. "ఏటన్నా గానీ, పాతదే మంచిది బావా. నాను ఒప్పుకుంటన్నాను."

ఫ్రాన్సిస్ మొహం మాడిపోయింది. "ఏటీ? ఇన్నేళ్లు ఒప్పుకోనోడివి ఇయ్యాల ఒప్పుకుంటన్నావా? నాను సచ్చిపోతన్నాననా?"

"అది కాదు..."

"మరి సరిగ్గా మాటాడు. నాను బతికున్నంతసేపూ నాతో తగువాడు."

సన్యాసిరాజు ముక్కాలిపీటను దగ్గరికి లాక్కున్నాడు. సర్దుకుని మొదలుపెట్టాడు. "సరే అయితే. ఓపూట నూనె రాయకపోతే తుప్పట్టీది కూడా ఓ సాకేనేటి? నా కొత్తది సముద్రంలో పడీసినా..."

"సముద్రంలో పడీసినా దేన్నీ కొయ్యలేదు!" అన్నాడు ఫ్రాన్సిస్. మొహంలో రక్తం పొంగింది. చీకటి పడేదాకా తగువులాడుకున్నారు. జయమణి గుమ్మంలో నిలబడి, చాలా రోజుల తరవాత నవ్వింది.

సన్యాసిరాజు లేచేటప్పుడు ఫ్రాన్సిస్ చాకు మూసి రుమాలు మీద పెట్టాడు, పిడి అతని వైపుగా. "పట్టుకెల్లు. ఇంక నీదే."

సన్యాసిరాజు దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఫ్రాన్సిస్ పోతున్నాడని ఒప్పుకున్నట్టే. "రేపొస్తాను గదా. తగువింకా తెగనేదు," అన్నాడు. మిగిలిన మామిడికాయ పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి చూడకుండా సైకిలెక్కాడు.

మర్నాడు పొద్దున్నే నిన్న కట్టిన ఓడను వేరే గట్టుకు మార్చాలి. జగ్గారావు ఆలస్యంగా వచ్చి, పక్కన నిలబడి మెల్లిగా చెప్పాడు. "బావా, ఫ్రాన్సిస్ గోరు తెల్లారగట్ల పోయారట. నిద్దట్లోనేనట." సన్యాసిరాజు తల ఊపాడు. ఇనపమొద్దు మీంచి తాడు తీసి నీళ్లలోకి వదిలాడు. ఓడ గట్టును విడిచి దూరమయ్యేదాకా నిలబడే ఉన్నాడు. తరవాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

అతను వెళ్లేసరికి ముందుగదిలో ప్రార్థన జరుగుతోంది. ఫ్రాన్సిస్‌కు తెల్లచొక్కా వేశారు. జయమణి అతన్ని చూసి లేచి వచ్చింది.

"నువ్వెల్లాక ఆ కాయ కోసుకుని ఓ ముక్క తిన్నారన్నయ్యా. పులుపుకి పళ్లు జివ్వుమన్నాయని నవ్వారు. సాకు తుడుద్దామంటే తుడవనివ్వలేదు. ఎవ్వులూ ముట్టుకోకండి, రాజొచ్చి తీసుకుంటాడన్నారు."

సన్యాసిరాజు వరండాలోకి వచ్చాడు. పడకకుర్చీ ఖాళీగా ఉంది. పిట్టగోడ మీద కోసిన మామిడికాయ, దాని పక్కన మడత రుమాలు. రుమాలు మీద చాకు తెరిచే ఉంది, కొసదాకా నల్లబడి, దుప్పికొమ్ము పిడి అతని ముక్కాలిపీట వైపుగా.