పల్లవి దాటని క్లారినెట్

నేను ఒక క్లారినెట్‌ను. నల్ల కర్ర ఒళ్లు, నికెల్ పూత పూసిన మీటలు, కింద గంటలా విచ్చుకున్న నోరు. పెళ్లి ఊరేగింపులో బ్యాండు వీధి మలుపు తిరగకముందే మీ చెవిన పడే గొంతు నాదే. డ్రమ్ములవాళ్లు ఒప్పుకోరు కానీ, నిజం ఇదే. గొప్పలు చెప్పుకుంటున్నానని విసుక్కోకండి. ఏడాదికి పైగా పెట్టెలో నోరు మూసుకుని పడి ఉన్నదాన్ని, అవకాశం దొరికితే నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడతాను.

మీరట్‌లో, ఇంటింటా బ్యాండు వాద్యాలు చేసే ఒక ఇరుకు సందులో పుట్టాను. ఒకాయన నా ఒంట్లో నిలువునా తొర్ర తొలిచాడు. ఇంకొకాయన మీటలు బిగించి, వాటి కింద మెత్తలు అంటించాడు. మూడో ఆయన నోట్లో పెట్టుకుని రెండు ఊపిరులు ఊది, "చల్తా హై" అని పక్కన పడేశాడు. మనుషులు తమ పిల్లలకు జాతకాలు రాయించడానికి ఎంత హడావుడి పడతారో చూశాను. నా జాతకం ఆ రెండు మాటలతోనే అయిపోయింది.

మొదటి కొలువు సర్కస్‌లో. డేరా కప్పు కింద ఒక అమ్మాయి ఊయల వదిలి గాలిలోకి దూకేది. ఆమె దూకే దాకా నేను పాడాలి, అవతలి ఊయల అందుకోగానే ఠక్కున ఆగిపోవాలి. చప్పట్లు ఆమెకు, మిగిలిన పాట నా కడుపులోకి. సర్కస్ మూతపడ్డాక వరంగల్‌లోని ఒక బ్యాండు దుకాణం నన్ను కొనుక్కుంది. అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్నవాడు సదానందం. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు నన్ను ఇంకొకరి నోటికి అందనివ్వలేదు.

బరాత్‌లో పాట ఆయుష్షు ఎంతో మీకు తెలుసా? పల్లవి, దాని మీద ఇంకో రెండు గుక్కలు. అంతలోనే పెళ్లికొడుకు స్నేహితుడొకడు చెమటలు కక్కుకుంటూ వచ్చి, "మాస్టర్, ఇది వద్దు, వేరేది కొట్టు!" అంటాడు. వేరేది అందుకుంటాం. దానికీ అదే గతి. ఇన్నేళ్లలో నాకు నాలుగు వందల పాటలు వచ్చు. ఒక్కటీ పూర్తిగా రాదు. సదానందానికీ రాదు. అవసరం లేనిది నేర్చుకునే తీరిక బ్యాండువాళ్లకు ఎక్కడిది? నేనైతే పాట అంటే అంతే అనుకున్నాను.

తర్వాత ఆ మార్చి నెల వచ్చింది. వీధులు మూసేశారు, ముహూర్తాలు పోయాయి. సదానందం భార్య చనిపోయి చాలా కాలమైంది, ఇంట్లో అతనూ కూతురు రజితా, ఇద్దరే. రజిత ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమెకు కరోనా వార్డులో డ్యూటీ వేశారు. తండ్రికి షుగర్. తాను మోసుకొచ్చే జబ్బు ఆయనకు ఎక్కడ అంటుకుంటుందోనని మిద్దె మీది రేకుల గదిలోకి పంపించేసింది.

"బాపూ, నేను చెప్పేదాక నువ్వు కిందికి దిగొద్దు. అన్నం మెట్ల మీద పెడ్త. నేను పోయినంకనే తీస్కో" అంది.

"ఎన్ని దినాలు బిడ్డా?"

"ఓ పదిహేను దినాలు."

అతను ఒక చాప, రెండు జతల బట్టలు, నన్ను పట్టుకుని ఎక్కాడు. పదిహేను రోజులట! మనుషుల లెక్కలు ఎప్పుడూ ఇంతే.

మొదటి వారం అతను గది ముందు నిలబడి నన్ను ఊదాడు. అలవాటైన పెళ్లిపాట. పల్లవి సగంలో ఉండగా ఎదురింటామె మిద్దె మీదికి వచ్చింది.

"సదానందమన్నా, మూల మీది యాదగిరి సచ్చిపోయి ఇంక మూడొద్దులు కాలే. గల్లీల చావు పెట్టుకొని నువ్వు పెండ్లిపాట ఊదుతున్నవా?"

అతను నాలుక కరుచుకున్నాడు. మాది మంగళవాద్యం. గల్లీలో చావు జరిగితే పదకొండో రోజు దాటేదాకా నోరు విప్పకూడదు. అది సదానందం తండ్రి నాటి నుంచీ ఉన్న కట్టుబాటు. నన్ను విప్పి, తుడిచి, పెట్టెలో సర్దాడు. గొళ్లెం విరిగిపోయింది కనుక చుట్టూ తాడు కట్టాడు. పదకొండు రోజులే కదా అని నేనూ ఊరుకున్నాను.

యాదగిరి పదకొండో రోజు రాకముందే పాలకేంద్రం ఆయన పోయాడు. ఆయన దినం కాకముందే ఆ పక్క సందులో ఒక ముసలమ్మ. ఒక ఇంటి దినాలు తీరేలోపు ఇంకో ఇంటి దినాలు మొదలయ్యేవి. సదానందం గోడ మీది క్యాలెండరులో పదకొండో రోజుకు సున్నా చుట్టేవాడు, నాలుగు రోజులు పోయాక దాన్ని కొట్టేసి ఇంకా ముందుకు ఇంకో సున్నా చుట్టేవాడు. తాడు విప్పలేదు. చీకట్లో, రేకుల వేడిలో, నేను ఐదు ముక్కలుగా పడి ఉన్నాను. ఊపిరి తగలని క్లారినెట్ అంటే ఒట్టి కర్ర. అది నాకు తెలుస్తూనే ఉండేది, కానీ పెట్టె లోపలి నుంచి ఎవరిని పిలవను?

గదిలో అతని పరిస్థితీ నా కంటే మెరుగేమీ కాదు. ఎనిమిది అడుగులు అటు, ఎనిమిది అడుగులు ఇటు నడిచేవాడు. జూన్‌లో రజిత తన పాత ఫోను ఒకటి అన్నం గిన్నెతో పాటు మెట్ల మీద పెట్టింది.

"దీంట్ల ఆల్బం ఉన్నది బాపూ. మొత్తం ఇను" అని కింది నుంచి కేకేసింది.

"ఎవలి పెండ్లిది?" అన్నాడు ఇతను. ఆల్బం అంటే అతనికి తెలిసింది పెళ్లి ఫోటోలదే మరి. పాటలకు కూడా ఆల్బం ఉంటుందనీ, ఒకే మనిషి వరుసగా పాడినవో వాయించినవో కట్టగట్టి ఇస్తారనీ రజిత వివరించి చెప్పాల్సి వచ్చింది.

వార్డులో మంచాల మీద ఉన్నవాళ్లకు చుట్టాలు ఉండరు, ఫోను ఒక్కటే దిక్కు. రజిత వాళ్లను మాటల్లో పెట్టడానికి, "ఏం ఇంటున్నరు?" అని అడిగేదట. చెప్పిన పేరు చీటీ మీద రాసుకుని, వారానికొకటి తండ్రి ఫోనులోకి దించి ఇచ్చేది. సదానందం ఆ ఫోనును నా పెట్టె మీద పెట్టాడు. చెక్కపెట్టె మీద పెడితే శబ్దం నిండుగా వస్తుందని కనిపెట్టాడు. చూశారా నా భాగ్యం! ముప్పై నాలుగేళ్లు ముందు నడిచిన నేను ఒక ఫోనుకు పీటనయ్యాను. ఎవరెవరో నా నెత్తి మీద కూర్చుని పాడుతుంటే కిందనుంచి అదురుతూ పడి ఉండడమే నా పని.

మొదట వచ్చింది పియానో. ఎవరో తెల్లదొర. ఇద్దరికీ నిద్ర వచ్చింది. తర్వాత ఒక బస్సు కండక్టరు చెప్పిన ఒగ్గుడోళ్ల ఆల్బం. దానికి సదానందం లేచి కూర్చున్నాడు, తొడ మీద చేత్తో కొడుతూ నాలుగు రోజులు అదే పెట్టుకున్నాడు. నాకు డోలు అంటే పడదు, అయినా పెట్టెలో నా మీటలన్నీ వాటంతట అవే టకటకలాడాయి. ఆ తర్వాత ఉర్దూ బడి పంతులమ్మ ఒకామె గజళ్లు. మాటలు సగమే అర్థమైనా, ప్రతి గజల్‌కూ ఒక ముగింపు ఉందని మాత్రం అర్థమైంది. పాడేవాడు ఆపేయలేదు, పాటే అయిపోయింది. నాకు అది కొత్త. పాటకు చివర ఉంటుందని నాకు తెలిసింది ఆ రేకుల గదిలోనే.

మొదట్లో సదానందం ప్రతిసారీ, "ఇది ఎవలదమ్మా? ఎట్లున్నడు?" అని అడిగేవాడు. "మంచిగైంది బాపూ, ఇంటికి పోయిండు" అనేది రజిత. పియానో పేరు చెప్పినాయన ఇంటికి వెళ్లాడు. కండక్టరూ ఇంటికి వెళ్లాడు. పంతులమ్మా వెళ్లింది. అందరూ ఇంటికే వెళ్తున్నారు, గల్లీలో పదకొండు రోజులు మాత్రం తీరడం లేదు. కొన్నాళ్లకు అతను అడగడం మానేశాడు.

సారంగి వచ్చింది చలికాలంలో. నలభై రెండు నిమిషాలు ఒకటే పాట. పది నిమిషాలైనా దరువు మొదలుకాకపోతే సదానందం ఫోను పాడైందనుకుని తట్టి చూశాడు. నేను ఎగతాళి చేశాను. సారంగికి ఊపిరి అక్కర్లేదు, కమాను అటూ ఇటూ లాగితే చాలు, రోజంతా సాగదీయొచ్చు. కానీ ఆ వాయించేవాడికి తొందర లేదు. ఒక స్వరం దగ్గర ఆగి, దాన్ని బుజ్జగించి, పక్కదాని దగ్గరికి వెళ్లేవాడు. ఎక్కీ ఎక్కీ, ఇక పైన చోటు లేదనుకున్నాక, దిగడం మొదలుపెట్టాడు. దిగివచ్చి మొదట బయలుదేరిన స్వరం మీద కూర్చున్నాడు. సదానందం ఆ పూట దాన్ని మూడుసార్లు విన్నాడు.

"ఇన్నేండ్లు మనం తలుపు కొట్టి ఉరికినమే" అన్నాడు నాతో. "లోపటికి పోనే లేదు."

తర్వాత పెట్టె మీద చెయ్యి వేసి, "ఒక్కటి. దీన్ని మొత్తం నీతోని పలికిస్త. గీ దినాలు తీరనీ" అన్నాడు.

ఆ రోజు నుంచి పెట్టె మూత మీద వేళ్లతో సాధన మొదలుపెట్టాడు. అక్కడ రంధ్రాలు లేవు, మీటలు లేవు, అయినా ఏ వేలు ఎక్కడ పడుతోందో లోపల ఉన్న నాకు తెలిసిపోయేది. నాకు కూడా అంతకంటే వేరే కోరిక లేకుండా పోయింది. ఎగతాళి మానేశాను. ఆ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. బ్యాండు దుకాణం నుంచి కబురు: యాభై మందితో ఒక పెళ్లి, అదీ గల్లీలో దినాలు తీరాకే. రజిత వద్దంటున్నా వినకుండా సదానందం మాట్లాడుకోవడానికి దుకాణానికి వెళ్లాడు. ఎనిమిది మందితో ఒకే గదిలో కూర్చుని, టీ తాగి, గంటసేపు నవ్వుకుని వచ్చాడు. ఏడాది తర్వాత ఆ గదిలోకి ఈల వేసుకుంటూ వచ్చాడు. "రేపు నిన్ను ఇప్పి నూనె రాస్త" అని నాకు చెప్పాడు. మూడో రోజు జ్వరం. ఐదో రోజు నలుగురు మనుషులు ముసుగులు వేసుకుని వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి దించుకుపోయారు. ఏడాది పొడుగునా కూతురు తన నుంచి కాపాడుకున్న మనిషికి జబ్బు టీ కప్పుల దగ్గర అంటుకుంది.

పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే. ఫోను నా మీద అలాగే ఉండి, రెండో రోజుకు చచ్చిపోయింది. రేకులు కాలిపోతున్నాయి. ఒక మధ్యాహ్నం నా ఒంట్లో ఏదో పటుక్కుమంది, నొప్పి కూడా తెలియలేదు. పదో రోజున రజిత ఒక్కతే పైకి వచ్చింది. కొంతసేపు గోడకు ఆనుకుని నిలబడింది. ఫోను తీసుకుని దిగిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. అతను లేకపోతే నన్ను ఎవరు విప్పుతారు? భయమేసింది. అంతకు ముందు నాకు భయమనేది తెలియదు.

అతను వచ్చాడు. మెట్టు మెట్టుకూ ఆగుతూ వచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా, దానిలో మూడు రంగు బంతులు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు లేవాలట, ఊపిరితిత్తులకు కసరత్తు. ఇక చూడండి, రోజుకు పది విడతలు ఆ బొమ్మతోనే ముద్దుముచ్చట్లు! నేను అడుగు దూరంలో ఉన్నాను. మొదటి బంతి లేవడానికి వారం పట్టింది, రెండోదానికి నెల. అది లేచిన రోజు అసూయ మరిచిపోయి నేనూ సంతోషించాను. మూడోది ఇప్పటికీ అడుగునే ఉంది.

ఆషాఢంలో గల్లీలోని చివరి పదకొండో రోజు తీరిపోయింది. మరునాడు పొద్దున రజిత పక్కన ఉండగా అతను తాడు విప్పాడు. నన్ను వెలుతురులోకి ఎత్తి తిప్పి చూశాడు. నా పై ముక్క మీద జానెడు పగులు. అన్ని నెలలు అతని ఊపిరి గురించి బెంగపడ్డాను, చెడింది నా ఒళ్లు.

రజిత కిందికి వెళ్లి ఆసుపత్రి ప్లాస్టరు పట్టీ తెచ్చింది. పగులు పొడుగునా అంటించి, బొటనవేలితో నొక్కింది. ఆక్సిజన్ చూసే క్లిప్పు తండ్రి వేలికి పెట్టబోయింది. వేళ్లన్నీ నా మీదే ఉన్నాయి, అందుకని కాలి బొటనవేలికి తగిలించింది.

"తొంభై కంటె దిగితే ఆపాలె" అంది.

అతను సారంగి పాట అందుకున్నాడు. మొదటి స్వరం గాలిగా పోయింది. రెండోసారి పలికింది. బొంగురుగా, పట్టీ కింద బుస్సుమంటూ, అయినా నా గొంతే. రెండు స్వరాలకో ఊపిరి, మూడు స్వరాలకో ఊపిరి. తొంభై ఐదు, తొంభై మూడు అని రజిత చదువుతూనే ఉంది. పైకి ఎక్కాం. ఇక దిగాలి.

"ఎనభై తొమ్మిది. ఆపు బాపూ."

అతను ఆపేశాడు. కళ్లు మూసుకుని రొప్పుతున్నాడు. ఇదీ పల్లవి బతుకే అయిందనుకున్నాను. అప్పుడు రజిత చెప్పింది.

"ఇది ఎవలదో నువ్వు అడగలే బాపూ. కాజీపేట రైల్వేల చేసిన పెద్దమనిషిది. దిండు పక్కన పెట్టుకొని ఇదే ఇనుకుంట ఉన్నడు. గిక్కడిదాక వచ్చింది, ఆయన పోయిండు. ఫోను నేనే బంద్ చేసిన." ఆమె చూపు క్లిప్పు మీదే ఉంది. "నీకు అన్ని దించిచ్చిన గని, నేను ఒక్కటి గూడ ఇనలే. దీని తర్వాత ఏముంటదో నాకు ఎరకలే."

సదానందం కళ్లు తెరిచాడు. అంకె తొంభై ఐదుకు వచ్చేదాకా కూర్చున్నాడు, చాలాసేపే పట్టింది. తర్వాత నన్ను పెదవుల మధ్యకు తీసుకుని, ఆగిన స్వరం నుంచే దిగడం మొదలుపెట్టాడు. ఎక్కడా తొందరపడలేదు. ఊపిరి చాలని చోట ఆగి, తీసుకుని, మళ్లీ అక్కడి నుంచే. రజిత అంకెలు చదవడం మానేసింది. మొదట బయలుదేరిన స్వరం దగ్గరికి వచ్చి, దాన్ని ఉన్నంత ఊపిరితో నిలబెట్టి, వదిలాడు.

"అయిపోయిందా?" అంది రజిత.

"అయిపోయింది బిడ్డా."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. ఆ ఏడాదంతా ఒక్కసారి కూడా ఆమె ఏడుపు నేను వినలేదు. అతను నన్ను విప్పకుండా, తుడవకుండా, తడి తడిగానే చాప మీద పెట్టేసి ఆమెను దగ్గరకు తీసుకున్నాడు. అలా వదిలేస్తే కర్ర పాడవుతుంది. పగుల్లోకి నీళ్లు దిగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. అయినా నేను ఏమీ అనుకోలేదు.