యాదలక్ష్మి ముక్కుపుడక

ఎల్బీనగర్‌లో ఒక చిన్న చర్చి వెనుక గదిలో ఆదివారం పొద్దున్నే ఒక ముక్కుతో యుద్ధం జరుగుతోంది. ముక్కు యాదలక్ష్మిది. యుద్ధం చేస్తున్నది స్త్రీల సమాజం పెద్ద అరుణజ్యోతి. కొబ్బరినూనె రాసింది, సబ్బు రుద్దింది, దారం కట్టి లాగింది. నల్గొండ పల్లెలో ఏనాడో అమ్మమ్మ పెట్టించిన ముక్కుపుడక, మర బిగుసుకుపోయి, కదిలితే ఒట్టు!

"పానం పోతుందక్కా!" అంటూనే యాదలక్ష్మి నవ్వుతోంది. ఎందుకు నవ్వదు? ఇవాళ ఆమెకు బాప్తిస్మం. చైతన్యపురి హాస్టల్లో వంట చేస్తూ, పప్పు గరిటెతో తాళం వేస్తూ పాటలన్నీ నేర్చుకుని ఈ రోజు కోసం ఎదురుచూసింది. తెల్లచీర కట్టి సిద్ధమైంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, చర్చి ఛాయలకే రానని భీష్మించుకున్న భర్త లింగస్వామి తనే ఆటోలో తీసుకొచ్చి, గుమ్మం బయట నిలబడ్డాడు.

అరుణజ్యోతి చెడ్డమనిషేమీ కాదు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన బడి టీచరు. యాదలక్ష్మికి జ్వరమొస్తే జావ కాచి తెచ్చిందీ, ప్రార్థన నేర్పిందీ ఆవిడే. కాకపోతే ఒకటే పట్టు. బాప్తిస్మం తీసుకునే ఆడవాళ్ల ఒంటిమీద నగ ఉండకూడదు. తన పెళ్లినాటి గాజులు ఏడుస్తూనే తీసేసిన మనిషి, ఇక ఎవరిని వదులుతుంది?

"ఇది తీయకుండా నీళ్లలో దిగడానికి వీల్లేదమ్మా. కంసాలి దగ్గర కోయించుకుని పైనెల రా," అంది.

యాదలక్ష్మి నవ్వు ఆగిపోయింది. "పైనెల మా ఆయన వస్తడో రాడో అక్కా!"

ఆ మాట విని లింగస్వామి తలుపు దగ్గరికి వచ్చాడు. భార్య ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏంది మేడం గిది? యేసు అందర్ని రమ్మంటడని మా ఇంటికొచ్చి చెప్తిరి. గిప్పుడు ముక్కు జూసి ఆపవడ్తిరి. నడువు లక్ష్మీ, ఇంటికి పోదాం."

అంతలో పాస్టరు దశరథ వచ్చాడు. సంగతంతా విని యాదలక్ష్మిని అడిగాడు.

"అమ్మా, యేసు నీ పాపాల కోసం చనిపోయిండని నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న అయ్యగారూ."

"మళ్లీ లేచిండని?"

"లేవకపోతే రోజూ పొయ్యికాడ నేనెవరితోని మాట్లాడుతున్న?"

"ఆయన కృప తప్ప నిన్ను రక్షించేది ఇంకేం లేదని?"

"లేదు. ఆయనే."

"మరి ముక్కుపుల్ల?"

యాదలక్ష్మి బిక్కమొహం వేసింది. "అది వస్తలేదు అయ్యగారూ."

పాస్టరు పగలబడి నవ్వాడు. "రాకపోతే ఉండనీ తల్లీ!"

అరుణజ్యోతి వైపు తిరిగాడు. "నన్ను పేరు మార్చుకోమని ఆనాడు పెద్దలు గట్టిగ పట్టువట్టిన్రు అరుణమ్మా. మా అమ్మ పెట్టిన పేరు, మార్చనన్న. ఇన్నేండ్లూ దేవుడు గీ దశరథతోనే పని చేయించుకుంటుండు. మీరు ప్రేమతోని గాజులు తీసిన్రు, మంచిదే. దాన్ని అందరికీ చట్టం చేస్తెనే పరేషాన్."

అరుణజ్యోతి తన బోసి చేతులు చూసుకుంది. దేవుడి కోసం తీసిన గాజులే, తీయనివాళ్లను తక్కువగా చూడడానికి కొలబద్ద అయిపోయాయని తెలిసొచ్చింది. సిగ్గేసింది. మరుక్షణమే గుండె తేలికపడింది. కొంగుతో యాదలక్ష్మి ముక్కు మీది నూనె తుడిచి, "తప్పయిపోయింది తల్లీ, పద," అంది.

పాటలు మొదలయ్యాయి. లింగస్వామి చెప్పులు విప్పి లోపలికొచ్చి వెనక బల్లమీద కూర్చున్నాడు. పాస్టరు తొట్టి నీళ్లలో యాదలక్ష్మిని ముంచి లేపాడు. లేస్తూనే ఆమె చర్చి దద్దరిల్లేలా ఒక్క తుమ్ము తుమ్మింది.

"అయ్యో, నా ముక్కుపుల్ల!"

అంతసేపు లాగినా రానిది, అప్పుడు ఊడి నీళ్లలో పడింది! అందరూ దేవుడే తీసేశాడంటారేమోనని యాదలక్ష్మి బెదురుగా చూసింది. అరుణజ్యోతి మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గబగబా తొట్టిలోకి దిగింది. అడుగంతా తడిమి, దొరకబుచ్చుకుని, తన చేత్తోనే దాన్ని మళ్లీ యాదలక్ష్మి ముక్కుకు పెట్టింది. చర్చంతా చప్పట్లు.

లింగస్వామికి నవ్వాగలేదు. "గిప్పుడు పెట్టుకుంటె పాపం కాదా మేడం?"

అరుణజ్యోతి నిలువునా తడిసి, నోరారా నవ్వింది. "రక్షించేది యేసయ్య, తమ్ముడూ. ముక్కుపుడక ఉన్నా ఆయనే, లేకున్నా ఆయనే!"