మూడో సిలిండరు

ఏమీ లేదు, ఎక్కడా ఏ చప్పుడూ లేదు, సర్వేశ్వరరావుగారికి చాదస్తం గానీ పందెం కారన్నాక ఆమాత్రం గరగర ఉండదా అనుకుంటూ ఎలీయేజరు చెక్కబద్ద ఒక కొస తిరుగుతున్న ఇంజనుకి ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని మళ్లీ విన్నాడు, పన్నెండేళ్లుగా ఏ ఇంజనుకి ఏ రోగమో ఈ బద్దే చెప్పింది, విశాఖపట్నంలో మోటారున్న ప్రతివాడికీ మేస్త్రీ చెవంటే గురి, ఇవాళ బద్ద మూగగా ఉంది, అంటే జబ్బు లేదన్నమాట, బాబుగారూ మరేం భయం లేదు, గాలి పోయిన చక్రం మార్చేస్తాను, అమ్మగారిని తీసుకుని ఘాటీ దిగిపోవచ్చు అన్నాడు, ఆ కొత్త పెళ్లికూతురు శాలువా చెంగు సర్దుకుంటూ ఏదో అంది, పెదవులు కదిలాయి, ఈ మధ్య అందరూ నోట్లోనే గొణుక్కుంటున్నారు, చర్చిలో దేవమణి పాట ఎంత ఖంగుమనేది, ముసల్దైపోయింది పాపం, పిలిస్తే పలకవేటి, సెవిలో సీసం పోసుకున్నావేటి అని దెప్పే పెళ్లాం మగ్దలేనమ్మకి కూడా గొంతు తగ్గింది.

డుంబ్రిగుడ సంతకి పోతూ సాయానికి ఆగిన మంగ్లు దుంగతో కారు ఎత్తి కింద రాళ్లు పేర్చాడు, ఎలీయేజరు తీగల చక్రం ఇరుసుకి ఎక్కించి, నడిమి నట్టు తిప్పి, బిగువు కోసం సుత్తితో గట్టిగా ఒక్కటి వేశాడు, చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి, మంగ్లు చెవులు మూసుకున్నాడు, ఎలీయేజరుకి మాత్రం గోనెసంచి మీద కొట్టినట్టుంది, ఇదేటి, ఇంకోటి వేశాడు, చెయ్యి అదిరింది గానీ చెవికేం తెలియలేదు, ఈ ఘాటీలోనే రోడ్డు కోసం బండలు పేల్చిన రెండేళ్లూ కంకర అణిచే రోడ్డింజనుకి మేస్త్రీగా ఉన్నాడు, మందు పేలినప్పుడల్లా చెవుల్లో కీచురాళ్లు అరిచేవి, తెల్లారేసరికి తగ్గేవి, తర్వాత తగ్గడం మానేశాయి, అయ్యో దేవుడా.

రాళ్లు తీశాక బాబుగారు అమ్మగారితో కారెక్కి ఇంజను లేపారు, మంగ్లు దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు, ఓ మేస్త్రీ, లోపల ఎవులో సోళ్లు దంచుతన్నారు, నీకినబడనేదేటి, ఎలీయేజరు బద్దని పళ్ల మధ్య కరిచి ఇంజనుకి ఆనించాడు, దవడ ఎముకలోకి వచ్చింది దెబ్బ, దబ్, దబ్, మూడో సిలిండరు, బేరింగు అరిగి రాడ్డు లొడలొడలాడుతోంది, ఏ మలుపులోనో అది విరిగితే ఇంజను పట్టేసి వెనక చక్రాలు బిగుసుకుపోతాయి, కారు లోయలోకే, ఆపండి బాబూ ఆపండి, దిగండమ్మా, ఈ బండి కదలకూడదు అని కేకలేశాడు, వాళ్లు దిగారు, బేరింగు సంగతి చెప్పాడు, బాబుగారు భుజం తట్టి ఎంత చెవయ్యా నీది అన్నట్టు పెదవులు కదిపారు, ఊరుకుంటే సరిపోతుంది, పని పోదు, పరువు పోదు, ఎవరికీ తెలియదు, కానీ ఈ ఏడాది బాగుందని చెప్పి పంపిన బళ్లెన్ని, పోయిన నెల సాలూరు ఘాటీలో పడిపోయిన బస్సు, దాని ఇంజనుకీ ఈ బద్దే పెట్టి విన్నాడు, ఏమీ లేదు పో అన్నాడు, డ్రైవరు పైడయ్య శవం దగ్గర ఏడుస్తున్న తవిటమ్మతో, నీ మొగుడు తాగి తోలుంటాడమ్మా అని అంత జనంలో ముఖం మీదే అన్నాడు, పైడయ్య తాగలేదు.