క్లచ్ మీద ఎడమకాలు

తావుర్యా తాళంచెవి తిప్పాడు. కారు పలకలేదు.

"దిగిందా?" అని భార్యను అడిగాడు.

సోని డోరు దగ్గర వంగి చూసింది. తను పొద్దున్నే ఎత్తి పెట్టిన అతని ఎడమకాలు క్లచ్ మీద అలాగే ఉంది. పెడల్ వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు.

"జరంత దిగింది," అంది.

"జరంత దిగితే రాదు. మొత్తం దిగాలె."

నెల్లికుదురు దాటాక వచ్చే తండా వాళ్లది. తావుర్యా కిరాయి కారు నడిపేవాడు. కిందటేడు భూపాలపల్లికి కిరాయి పోయి, అక్కడ చాయ్ తాగుతూ తాగుతూనే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. దవాఖాన నుంచి వచ్చాక ఎడమచేయి మెల్లగా తేరుకుంది. కాలు మాత్రం తేరుకోలేదు. దానికి స్పర్శ కూడా లేదు. చీమ కుట్టినా సోని చూసి చెప్పాల్సిందే.

ఇంట్లో వాళ్ల భాష వేరు. కానీ బండి సంగతికొస్తే తావుర్యా తెలుగులోకి దిగిపోతాడు. డ్రైవింగ్ నేర్చుకున్నది జనగామలో, తెలుగు తిట్లు తింటూ. సోనికీ అదే అలవాటైంది.

"నువ్వు ముందుగాల నడిపిన జీపు తాళం తిప్పంగనే లేస్తుండె. గిదెందుకు గిట్ల సతాయిస్తది?" అని ఆమె ఒకసారి విసుక్కుంది.

"గేర్ల ఉన్న బండికి చూసుకోకుంట తాళం ఇస్తె ఒక్కపారి ముందటికి ఎగురుతది. ఎదురుంగ మనిషున్నడనుకో, గంతే. క్లచ్ నొక్కితే ఇంజనుకు, చక్రాలకు సంబంధం తెగుతది. గేర్ల ఉన్నా బండి కదలది. అందుకే కాలు నొక్కినంకనే స్టార్ట్ అయ్యేటట్టు ఈ బండికి స్విచ్చి పెట్టిన్రు."

"మరి కాలు పడిపోయినోడు వాళ్లకు యాదికి రాలేదా?"

"కాలు పడిపోయినోడికి బండెందుకే," అని నవ్వాడు తావుర్యా. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అతని పట్టుదల అంతా ఆ పెడల్ మీదే. డాక్టర్ చెప్పిన కసరత్తులు మానేశాడు గానీ, పొద్దున్నే కారులో కూర్చోవడం మానలేదు. బండి లేచిన రోజు తనూ లేచినట్టే అనేవాడు. వానాకాలం దాటింది, చలికాలం వచ్చింది. ఒకనాడు సోని చేయి అందిస్తే, వద్దని గోడ వైపు తిరిగాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. మనిషి లోపల్లోపలే ఆరిపోతున్నాడని ఆమెకు అర్థమైంది.

బస్సెక్కి మహబూబాబాద్ పోయింది. మెకానిక్ ఐలేశ్ ఏదో కారు కింద పడుకుని ఉన్నాడు. బయటికి వచ్చి, ఆమె చెప్పింది విని, చేతులు తుడుచుకున్నాడు.

"కలుపుడు ఎంతసేపు అక్కా, రెండు వైర్లే. కాలు పెట్టినా పెట్టకున్నా బండి లేస్తది. కాని అన్నను మోసం జెయ్యమంటవా నన్ను?"

"మోసం నేను జేస్త తమ్ముడూ. వైర్లు నువ్వు కలుపు."

"ఆ స్విచ్చి ఉత్తగ పెట్టలే."

"ఎరుకే. మీ అన్ననే చెప్పిండు."

ఐలేశ్ ఆ సాయంత్రమే బ్యాటరీ చూస్తానంటూ తండాకు వచ్చి, పెడల్ పైనున్న స్విచ్చి వైర్లు రెండూ కలిపి పని ముగించాడు. పోయేముందు సోనికి గేరు రాడ్ పట్టుకుని చూపించాడు.

"గిట్ల అటూ ఇటూ ఉత్తగ ఊగితే న్యూట్రల్. బిగుసుకున్నదా, అన్నను తాళం తిప్పనియ్యకు. రోజూ చూడాలె అక్కా. ఒక్కరోజు మరిచినా అది బండి కాదు, దున్నపోతు."

మర్నాడు బతిమాలి కూర్చోబెట్టింది. తావుర్యా నమ్మకం లేకుండానే తాళం తిప్పాడు.

ఇంజను లేచింది.

అతను స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. డోరు దగ్గర సోని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏడుస్తవేందే పిచ్చిదానా," అన్నాడు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. గడ్డం గీయించుకున్నాడు. కసరత్తులు మళ్లీ మొదలుపెట్టాడు. చేతికర్ర పట్టుకుని, సోని భుజం మీద సగం బరువు వేసి కారు దాకా వచ్చేవాడు. ఆమె ముందే గేరు రాడ్ ఊపి చూసేది. ఒకరోజు తావుర్యా జనగామలోని తన పాత గిరాకీ మధుకర్ సారుకు ఫోన్ చేసి, "వచ్చే నెలకెల్లి మళ్ల నేనే వస్త సార్, ఎవ్వలకు మాటియ్యకుండ్రి," అని చెప్పాడు. ఆ మాట సోని వింది. అతను నిజంగా రోడ్డెక్కితే? చెప్పాలి. ఇవాళ చెప్పాలి. చెబుదామని దగ్గరికి పోయేసరికి అతను పళ్లెంలో రెండోసారి అన్నం పెట్టించుకుంటూ ఉండేవాడు. ఆమె వడ్డించి ఊరుకునేది.

మిర్చి ఏరుడు మొదలైంది. తావుర్యా తమ్ముడు వాల్యా పొద్దున్నే బస్తాలు తెచ్చి వాకిట్లో ఆరబోయడానికి కారు అడ్డమని పక్కకు తీశాడు. అక్కడ నేల వాలుగా ఉంది. హ్యాండ్‌బ్రేకు ఎప్పటి నుంచో వదులు. అందరూ చేసేదే అతనూ చేశాడు. కొట్టం గోడకు ఎదురుగా ఆపి, ఫస్ట్ గేరులో వదిలేసి, తాళం దానికే ఉంచి మిగతా బస్తాలకు పోయాడు.

సోని నల్లా దగ్గర ఉంది. బిందె ఎత్తుకుని మలుపు తిరిగేసరికి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తావుర్యా ఒక్కడే నడుస్తున్నాడు. కర్ర ముందుకు వేసి, కాలు ఈడ్చి, నిలదొక్కుకుని, మళ్లీ కర్ర. పట్టుకునే మనిషి లేదు. ఆమె అలా చూస్తూ నిలబడింది. అతను డోరు తీశాడు, కూర్చున్నాడు, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, కారు ఉండాల్సిన చోట లేదని, ఎవరో జరిపారని, గేరు తను చూడలేదని.

"ఆగు," అంది. అతను అప్పటికే తాళం తిప్పాడు.

కారు ఎగిరి గోడను గుద్దుకుంది. ఇంజను ఆగిపోయింది.

బిందె వదిలేసి పరుగెత్తింది. అతనికి దెబ్బ తగల్లేదు. వాల్యా కూడా ఉరికొచ్చాడు.

"అన్నా, గేర్ల పెట్టి పోయిన. చెప్పుడు మరిచిన."

"గేర్ల ఉంటే ఏమైతదిరా," అన్నాడు తావుర్యా. "నేను క్లచ్ నొక్కిన గదా."

అన్న తర్వాత ఆ మాట తనకే వినబడ్డట్టు ఆగిపోయాడు. కిందికి, తన కాలి వైపు చూశాడు. తర్వాత సోని వైపు.

"వాల్యా, నువ్వు పో," అన్నాడు. తమ్ముడు దూరం పోయేదాకా ఆగాడు. "క్లచ్ నొక్కిన బండి ఎగరదు సోనీ."

అతను వంగి పెడల్ పైన వైర్లు తడిమి చూశాడు.

"ఎవరు కలిపిన్రు?"

"ఐలేశ్. నేనే కలిపిచ్చిన."

"ఎప్పటి సంది?"

"లేసిన దినం సంది."

"అంటే ఒక్క దినం గూడ నా కాలు నొక్కలే..."

"లేదు."

అతను తల ఊపాడు. కోపం లేదు. కోపం వచ్చినా బాగుండునని ఆమెకు అనిపించింది.

"ఇయ్యాల నువ్వొక్కనివే నడిచొచ్చినవు," అంది. "ఎవ్వలు పట్టలే. అది అబద్ధం గాదు. నా కండ్లతోటి జూసిన."

"బండి లేస్తదని వచ్చిన," అన్నాడు తావుర్యా.

సాయంత్రం ఐలేశ్‌ను పిలిపించాడు. వైర్లు విడదీసి స్విచ్చికి మళ్లీ కలపమన్నాడు. ఐలేశ్ తలెత్తకుండా పని చేశాడు. అయ్యాక తావుర్యా తనే సీట్లో కూర్చుని, క్లచ్ మీద కాలు పెట్టుకుని తాళం తిప్పాడు. కారు పలకలేదు.

"గిప్పుడు మంచిగ జేసినవు తమ్మీ," అని ఐలేశ్‌తో అని, తాళంచెవి తీసి పక్కనున్న వాల్యా చేతిలో పెట్టాడు.

ఇంటిలోకి పోవడానికి సోని భుజం పట్టుకున్నాడు. ఈసారి సగం కాదు, బరువంతా ఆమె మీదే వేశాడు.