విల్‌ఫ్రెడ్ మాస్టారి పౌడరు

పొద్దున్నే వర్క్‌షాపు సైరను కూసిందంటే బెంగాల్లోని ఈ రైల్వే ఊరి న్యూ సెటిల్‌మెంట్‌లో మన తెలుగిళ్లన్నిట్లోనూ ఒకటే పని మొదలవుతుంది బాబూ. బడికెళ్లే పిల్లలకి పౌడరు రాయడం. హైమవతి ఇంట్లో అయితే అది పని కాదు, వ్రతం. ఐదో క్లాసు చదివే కూతురు ఇందుని గుమ్మంలో వెలుగుకి నిలబెట్టి, "మెడెత్తు" అంటుంది. నుదురు, బుగ్గలు, మెడ, చెవుల వెనక, ఆఖరికి మోచేతులు. మధ్యలో పిల్ల తుమ్మిందా, మళ్లీ మొదట్నుంచీ.

"ఈ గుంటకి అచ్చం మా అత్తోరి రంగొచ్చీసింది" అని రోజూ ఒకసారి అనుకుంటుంది. ఆ అత్తగారి భర్త నూకయ్య వాకిట్లో పళ్లు తోముకుంటూ వింటాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు తెలుగు బడి కమిటీకి ప్రెసిడెంటు. ఆయన రంగు గురించి మాత్రం ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

ఈ పౌడరు అలవాటు బడి నుంచే వచ్చింది. విల్‌ఫ్రెడ్ మాస్టారు ఆంగ్లో ఇండియన్. ఆయన వరండాలోకి రాకముందే పౌడరు వాసన వచ్చేది. తెల్లటి మొహం, బూడిదరంగు సూటు. "మా పిల్లలకి దొరబాబు చదువు చెప్తాడు" అని మనవాళ్లు గోల్‌బజార్ దాకా చెప్పుకునేవారు. ఆయన రైల్వే ఆసుపత్రిలో కన్నుమూసి చాలా ఏళ్లయింది. అందరూ వెళ్లి మట్టివేసి వచ్చారు. ఆ తర్వాత సోమవారం బెల్లు కొట్టగానే ఆయనే హాజరుపట్టీ చంకన పెట్టుకుని ఐదో క్లాసుకి వచ్చేశారు. టైంటేబుల్లో కొట్టేసిన పేరు హెడ్మాస్టరు మళ్లీ రాసుకున్నాడు, అంతే. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆయనలోంచి గోడమీది ప్రపంచపటం కనిపిస్తుంది. ఆఫ్రికా సరిగ్గా గుండె దగ్గరకొస్తుంది. పిల్లలు భూగోళం అలాగే నేర్చుకున్నారు. భగవంతుడు పంపినవాణ్ణి ఎందుకొచ్చావని అడుగుతామా, మీరే చెప్పండి.

బతికున్న మనిషిని మాత్రం అడిగారు.

ఈ ఏడు జనవరిలో సాంఘికం చెప్పడానికి ఫుల్మణి టుడు వచ్చింది. సంతాలీ గిరిజనుల పిల్ల. తండ్రి రైలు పట్టాల గేంగులో మన శ్రీకాకుళం వాళ్లతో కలిసి పనిచేసినవాడు. అందుకని ఆమె తెలుగు అచ్చం నూకయ్య తెలుగే. ముందు ఒళ్లు మండించింది అదే.

"ఎందుకొచ్చినావిక్కడికి? మీవోళ్లకి బడుల్లేవేటి?" అన్నాడు నూకయ్య.

"పిల్లలు ఇక్కడున్నారు గదా తాతా."

"నన్ను వరస పెట్టి పిలవకు."

వేసవి సెలవుల ముందు కమిటీ కూర్చుని, ఆమెని ఉంచాలో పంపాలో తేలుస్తుందన్నారు. ఈలోగా స్టాఫ్ రూములో ఆమె టీ గ్లాసు విడిగా కిటికీలో బోర్లించి ఉండేది. బెంగాల్లో టీచరమ్మని దిదిమణి అంటారు కదా, గేటు దగ్గర పిల్లలు ఆమెని 'అడివి దిదిమణి' అన్నారు. కన్నవాళ్లు విని నవ్వుకున్నారు.

ఒకనాడు క్లాసులో లలిత్ లేచి నిలబడ్డాడు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టున్న మల్లికార్జునరావు మనవడు.

"దిదిమణీ, ఇందు మీకు చుట్టమా? ఇద్దరూ ఒకే డబ్బాలో తారులా ఉన్నారు."

క్లాసంతా పగలబడింది. ఇందు తల బెంచీ మీద పెట్టేసుకుంది. మళ్లీ ఎత్తేసరికి చెక్క మీద తెల్లగా పౌడరు మచ్చ. ఫుల్మణి ఆ మచ్చని చూసింది.

మర్నాడు కొబ్బరిచిప్పల్లో రకరకాల మట్టి తెచ్చింది. ఎర్ర మోరం మట్టి, పచ్చమన్ను, కాసాయి నది ఒండ్రు, కాల్చిన గడ్డి మసి, తెల్లసుద్ద.

"మా ఇళ్లకాడ గోడల మీద వీటితోనే బొమ్మలేస్తాం. కలపండి. మీ చెయ్యి పక్కన పెట్టి సూసుకోండి. రెండూ ఒకటయ్యేదాకా కలపండి" అంది. వాళ్లు కలుపుతుంటే చెప్పింది. "ఎనకటికి దొరలు స్కేళ్లట్టుకొచ్చి మావోళ్ల ముక్కులు కొలిచినారు. మీ తాతలవీ కొలిచినారు. ఈళ్లు ఫలానా జాతి, ఆళ్లు ఫలానా జాతి అని పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ పుస్తకాలు పాతబడిపోయినాయి. మాటలు మాత్రం ఈధుల్లో తిరుగుతున్నాయి."

లలిత్‌కి ఎంత సుద్ద కలిపినా చెయ్యి కలవలేదు. ఎరుపు వేశాడు, చివరికి చిటికెడు మసి కూడా వేశాడు. ఇందు కుళాయి దగ్గరికెళ్లి పౌడరు కడుక్కొచ్చి, తడి ఒండ్రులో మసి కలిపి, ముంజేయి ఆనించింది. చెయ్యి ఎక్కడుందో, మట్టి ఎక్కడుందో తెలియలేదు. పిల్లలంతా వెనకగోడ మీద అరచేతులు అద్దారు. సుద్ద చిప్ప మాత్రం దాదాపు నిండుగానే మిగిలింది.

విల్‌ఫ్రెడ్ మాస్టారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు. తన చేతులకేసి చూసుకుని జేబుల్లో దాచుకున్నారు. పౌడరు వాసన వరండా వెంట గబగబా వెళ్లిపోయింది.

కమిటీ కూర్చున్నది అక్షయ తదియ సాయంత్రం. సింహాద్రి అప్పన్న స్వామికి ఏడాదంతా చందనం పూతే కదా, ఆ ఒక్కరోజు అది ఒలిచి నిజరూపం చూపిస్తారు. కొండకి వెళ్లలేనివాళ్లం ఇక్కడే గుడిలో దండం పెట్టుకుని, నుదుట గంధంతో తిన్నగా ఐదో క్లాసు గదికి వెళ్లాం. పిల్లలు కూడా వచ్చారు.

"మా వాడి చేత బురద పిసికించింది. పైగా వాడి రంగులో మసి ఉందట" అన్నాడు మల్లికార్జునరావు.

"నాను రోజూ రాసిందంతా ఒక్క పూటలో కడిగించీసింది" అంది హైమవతి. ఫుల్మణి వైపు తిరిగింది. "రేపు బజార్లో దీన్ని అడివిదానా అంటే నువ్వొచ్చి కాస్తావేటి?"

"నన్నంటే ఎవరు కాసినారమ్మా?"

నూకయ్య బల్ల మీద చెయ్యేశాడు. "నన్ను వర్క్‌షాపులో కాలా తెలెంగీ, నల్ల తెలుగోడా అన్నారు. ఉజ్జోగం ఉన్నన్నాళ్లూ అన్నారు. ఆ మాట తుడుసుకోడానికే ఈ బడెట్టుకున్నాం. నువ్వొచ్చి మళ్లీ మా పిల్లలకి ఆ మట్టే పూస్తావా?"

"తుడిస్తే పోయిందా తాతా?"

మల్లికార్జునరావే అందుకున్నాడు. "ఇంతమంది బాధపడ్డం దేనికండీ? విల్‌ఫ్రెడ్ దొరగారున్నారు. ఈవిడ పాఠాలూ ఆయనే చెప్తారు. చనిపోయిన మనిషి, జీతమైనా అడగరు."

ఆ మాట అందరికీ నచ్చింది. "ఎవరైనా ఎల్లి పిలవండి" అన్నాడు నూకయ్య.

"ఇక్కడే ఉన్నాను బావూ."

ఆయన తలుపు పక్కనే నిలబడి ఉన్నారు. వాసన లేదు, అందుకే ఎవరికీ తెలియలేదు. అదే బూడిదరంగు సూటు. మొహం మాత్రం శుభ్రంగా కడుక్కున్నారు. ఇందు రంగు.

"మా అమ్మది పలాస. దొరగారింట్లో ఆయా" అన్నారు. ఆయన నోట తెలుగు వినడం అదే మొదలు. "పొద్దున్నే గుమ్మంలో ఎలుగుకి నిలబెట్టి మెడెత్తమనేది. నేను పోయినాక కూడా మానలేకపోయినాను."

హైమవతి చేతిలో పైటచెంగు నలిగింది.

"అవన్నీ తర్వాత చూద్దాం మాస్టారూ. రేపట్నుంచి సాంఘికం మీరే..." అన్నాడు మల్లికార్జునరావు.

"ఆ అమ్మాయి సెప్పిన పాఠం నాకు రాదు."

హాజరుపట్టీ తెచ్చి ఫుల్మణి ముందు పెట్టారు. బెంచీల మధ్య నుంచి నడిచి, ఆఖరి బెంచీలో ఇందు దగ్గర ఆగారు. "కాస్త జరగమ్మా." ఇందు జరిగింది. మోకాళ్లు పట్టకపోయినా ఎలాగో ఇరికించుకుని కూర్చున్నారు.

పంపేద్దామనుకున్నది ఒకర్ని. తీరా చూస్తే ఐదో క్లాసుకి ఉన్న మాస్టారూ పోయారు. నూకయ్య ఆఖరి బెంచీ వైపు చూసి, ఫుల్మణితో అన్నాడు.

"రేపు నువ్వే హాజరు పిలువు. పిల్లలు పలికితే ఉండు. పలక్కపోతే నీ దారిన నువ్వు పో. ఇష్టపడి అనడం లేదు."

"తెలుసు తాతా."

"వరస పెట్టకన్నాను."

ఆ రాత్రి ప్రతి ఇంట్లోనూ పిల్లలకి ఒకటే మాట చెప్పారు. దిదిమణి పేరు పిలిస్తే నోరు మెదపకూడదు. హైమవతీ చెప్పింది. మర్నాడు సైరను కూయగానే పౌడరు డబ్బా తీసి, "మెడెత్తు" అంది. ఇందు ఎత్తింది. రాయించుకుంది.

ఫుల్మణి హాజరుపట్టీ తెరిచింది. "లలిత్." పలకలేదు. "వినోద్." పలకలేదు. "సాయికుమార్." పలకలేదు. ఒక్కో పేరుకీ ఆగుతోంది, పక్కన సున్నా పెడుతోంది. బయట కిటికీ కింద నూకయ్య నిలబడి వింటున్నాడు. ఇందు వంతు కూడా వచ్చి వెళ్లింది. పట్టీ చివర ఇంకో పేరుంది, మాస్టారి చేతిరాతలో.

"విల్‌ఫ్రెడ్."

"ప్రెజెంట్ మిస్" అన్నారు ఆఖరి బెంచీ నుంచి, లేచి నిలబడి.

ఎండ ఏటవాలుగా పడింది. ఆయనలోంచి ఇప్పుడు వెనకగోడ కనిపిస్తోంది. గోడ నిండా అరచేతులు. ఇందు బెంచీ ముందుకొచ్చి తన చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంది. అది ఆయన గుండె దగ్గర ఉంది. పిల్ల చేతిరుమాలు తీసి మొహం తుడుచుకుంది.

"దిదిమణీ, నన్ను మళ్లీ పిలవండి."

"ఇందు."

"ఉన్నాను దిదిమణీ."

ఆ వెనక సాయికుమార్ నసిగాడు, వాడి వెనక మరొకడు. లలిత్ మాత్రం ఆ రోజు పలకలేదు, ఆ వారమే వేరే బడికి మారిపోయాడు. టీ గ్లాసు ఈనాటికీ కిటికీలోనే ఉంది. నూకయ్య ఇప్పటికీ ఆమెకి ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. కానీ ఆ పొద్దున్న, మనవరాలి గొంతు విన్నాక, వరండాలో ఖాళీగా నిలబడ్డ ప్యూను మీద విసుక్కున్నాడు.

"ఏటి సూస్తావు? పాఠం మొదలైంది. బెల్లు కొట్టు."