కోమలి ఇంటి రాగిపిండి

కోమలి మా ఇంటి వెనక గదిలో అద్దెకు ఉంటుంది. వాళ్ల అమ్మానాన్నలు శ్రీలంక నుంచి పడవలో వచ్చిన శరణార్థులు. ఆమె పుట్టి పెరిగింది తమిళనాడులోని శిబిరంలో. సత్యవేడు దగ్గర పని దొరికితే కూతురు మహితను తీసుకుని మా ఊరొచ్చింది. ఇప్పుడు పూలు కట్టి బతుకుతోంది.

ఆమె మీద మాటలు నీళ్ల ప్లాంటు దగ్గర మొదలయ్యాయి.

"ట్యాంకు ఎండిపోతా ఉండాది. టీవీలో సూడలేదా, వీళ్ల మీద గవర్నమెంటు ఎంత ఖర్చు పెడతా ఉండాదో. మనకెవురు పెడతారు?" అన్నాడు మా మరిది చెంగయ్య.

"ఆమె తీసకపొయ్యేది ఒక బిందె. నీ ఎనుము దానికంటే ఎక్కువే తాగతాది" అన్నాను.

"నా ఎనుము పాలిస్తాది వదినా."

అందరూ నవ్వారు. వరుసలో ఉన్న కోమలి కూడా నవ్వింది. కాసేపటికి ఖాళీ బిందెతోనే ఇంటికి వెళ్లిపోయింది.

ఆదివారం పెద్దమనుషులు కూర్చున్నారు. కోమలి శిబిరానికి తిరిగి వెళ్లాల్సిందే అన్నారు. కొందరు రేపే పొమ్మన్నారు. "సామాన్లు సర్దుకోవల్ల గదా. బుధవారం పొద్దున బస్సుకు పోనీ" అన్నాడు చెంగయ్య. సరేనన్నారు.

మహితకు పదో తరగతి పరీక్షలు ఇంకా మూడు మిగిలాయి, వారంలో అయిపోతాయి.

"ఇన్నాళ్లు సదివి ఇప్పుడు పోతే ఎట్లక్కా? పరీక్షలయ్యేదాకా ఉంటే సాలు" అంది కోమలి, గిన్నెలు మూటగడుతూ.

మంగళవారం సాయంత్రం వీధిలో డప్పు మోగింది. వెంకటముని గంగజాతర చాటింపు వేస్తున్నాడు. చాటింపు పడ్డాక ఊళ్లో ఉన్నవాళ్లు పగలు ఎక్కడికి పోయినా, జాతర ముగిసేదాకా రాత్రికి ఊళ్లోనే పడుకోవాలి. ఎనిమిది రోజులు. ఈ కట్టు ఎవరూ దాటరు. ఆదివారం కూర్చున్న పెద్దలకు ఇది గుర్తే రాలేదు.

డప్పు వెనకే చెంగయ్య రాగిపిండి గంప పట్టుకుని వచ్చాడు. అమ్మవారి అంబలికి ఊళ్లో పొయ్యి వెలిగిన ప్రతి ఇంటి నుంచీ పిండి తీసుకుంటారు. నేను వేశాను.

"బుధవారమన్నది నువ్వే గదా?" అని అడిగాను.

"మర్సిపోయినా వదినా" అన్నాడు, నా మొహం చూడకుండా.

ముప్పై ఏళ్లుగా చాటింపు రోజు పెట్టేది అతనే.

కోమలి తలుపు దగ్గర నిలబడి ఉంది. "నేనూ ఎయ్యొచ్చా?" అంది.

"ఈ పొద్దు పొయ్యి ఎలిగించినావా లేదా?" అన్నాడు చెంగయ్య.

"ఎలిగించినా."

"అయితే ఎయ్యి. ఊరికే అడగతా నిలబడతావేమి?"

ఆమె మూట విప్పి గిన్నె తీసింది. డబ్బాలో ఉన్న పిండంతా అందులోకి వంచి గంపలో పోసింది.

"జాతరయినాక?" అన్నాను మెల్లగా.

"మల్లా కూర్సోవల్ల. అందురికీ తీరికుండాల గదా" అన్నాడు చెంగయ్య.

మర్నాడు పొద్దున నీళ్ల వరుసలో నిలబడి, ట్యాంకు ఎండిపోతోందనీ గవర్నమెంటు ఖర్చు పెరిగిపోతోందనీ మళ్లీ సణుగుతున్నాడు. అతని కాళ్ల దగ్గర రెండు బిందెలున్నాయి. ఒకటి కోమలిది.