ఐదో ప్రూఫు

అరచేతికి సుద్దపొడి రాసుకుని పెద్దాయన రాగిరేకు తుడుస్తున్నాడు. పైనున్న సిరా పోవాలి. గీతల్లోకి దిగింది పోకూడదు. చెల్లెలు రాగి మీద బొమ్మలు చెక్కడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆయన పని ఇదే: సిరా పూయడం, తుడవడం, అచ్చుయంత్రం చక్రం తిప్పడం. బొమ్మ కింద సంతకం ఆమెది. గోళ్ల కింద నలుపు ఆయనది. దాని గురించి ఆయన ఎప్పుడూ పెద్దగా ఆలోచించలేదు.

ఈసారి రేకు మీదున్నది ఆయన ముఖమే. చెక్కుతూ మధ్యమధ్యలో అచ్చు తీసి చూసుకున్న నాలుగు ప్రూఫులు గోడకు వేలాడుతున్నాయి. మొదటిదాంట్లో ఉత్త గీతలు, నిండు బుగ్గలు. రెండోదాంట్లో కళ్ల కింద నీడ వచ్చింది. ఆ తర్వాత జబ్బు చేసి ఆయన చిక్కుతున్నకొద్దీ, ఆమె రేకు మీద బుగ్గలు గీకి, నున్నగా రుద్ది, మళ్లీ చెక్కింది. ప్రతిసారీ ‘ఇంకొక్కసారి’ అంటూనే ఉంది.

"ఇంకా గీకావంటే పుర్రె మిగులుతుందే," అన్నాడు.

"నువ్వు తినడం మొదలుపెట్టు, నేను గీకడం మానేస్తా."

"మొదటిదే బాగుంది కదే. పెళ్లికొడుకులా ఉన్నాను."

"అప్పుడు నువ్వు కనపడలేదన్నయ్యా. బుగ్గలే కనపడ్డాయి."

గీకేసిన రాగి తిరిగి రాదని ఆయనకు తెలుసు. అందుకే మళ్లీ మొదటిలా చెయ్యమని అడగలేదు. తన చేతులు ఆడుతుండగానే ఆమె నోట ‘చాలు’ అనే మాట వినాలి, అంతే.

రేకును అచ్చుయంత్రం మీద పెట్టి, తడి కాగితం పరిచి, కంబళి కప్పాడు.

"నేను తిప్పుతాలే," అంది చెల్లెలు.

"నువ్వు మధ్యలో ఆపుతావు. ఆపితే అడ్డంగా చార పడుతుంది. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?"

చక్రం పట్టుకున్నాడు. సగం తిరిగేసరికి ఊపిరి అందలేదు. చెయ్యి ఆగింది. చెల్లెలు కిటికీ వైపు తిరిగి గీకుడుకత్తి సానబెట్టుకుంటోంది, చూడలేదు. ఆయన బలమంతా కూడదీసుకుని చివరిదాకా తిప్పి, స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు.

ఆమె వచ్చి కంబళి తీసి, కాగితాన్ని కొస పట్టుకుని మెల్లగా లేపింది. చాలాసేపు చూసింది.

"చాలన్నయ్యా. ఇంక ముట్టుకోను," అంది. తర్వాత నవ్వింది. "నాకు చెప్పి నువ్వే ఆపావుగా! చార పడింది చూడు."

స్టూలు మీంచి జవాబు రాలేదు.

తర్వాత ఆ రేకును ఎవరూ గీకలేదు. చార పడ్డ కాగితాన్ని చింపేయడం ఆ గదిలో అలవాటు. ఇది మాత్రం ఆ నాలుగు ప్రూఫుల పక్కనే గోడకెక్కింది: ఎముకలు తేలిన ముఖం, గడ్డం కింద అడ్డంగా, చక్రం ఆగిన చోట, సన్నని చార.